ముక్కమ్మ డ్యూటీ

ఆ ఆటసామాను పెట్టె మూత మీద నవ్వుతున్న ముసలావిడని చూసినప్పుడల్లా ముక్కమ్మకు ఒళ్ళు మండుతుంది. ముగ్గుబుట్ట లాంటి తల, నలగని గులాబి రంగు చొక్కా, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు. పక్కన కూతురట, ఆవిడకీ అదే నవ్వు. ఇద్దరూ కలిసి చెక్క పూసలు దారానికి గుచ్చుతూ లోకంలో ఇంతకు మించిన భాగ్యం లేదన్నట్టు మొహాలు పెట్టారు. కింద బంగారు రంగులో, మరపు వచ్చిన మీ ఆత్మీయులతో మధుర క్షణాలు అని రాశారు. మధుర క్షణాలట, మధుర క్షణాలు! ఆ మాట రాసిన మహానుభావుణ్ణి పట్టుకొచ్చి ఈ గదిలో, ఈ కుర్చీలో, కిటికీ మూసి ఒక గంట కూర్చోబెట్టాలి. ఆ తర్వాత అడగాలి, ఏం నాయనా, తేనె ఎక్కడ కారుతోందో కాస్త చూపించు అని. ఇక్కడ కారేవి వేరే ఉన్నాయి. ముక్కు కారుతుంది, చొంగ కారుతుంది, అమ్మ కూర్చున్న కుర్చీ మెత్త కింద నుంచి కూడా అప్పుడప్పుడు కారుతుంది. ఫొటోకి వాసన ఉండదు, అదీ ఆ ఫొటో అదృష్టం.

ఈ గదికి ఉంది. అది ఒక వాసన కాదు, ఉమ్మడి కుటుంబం. తను పనిచేసే సెంట్ల కొట్టు కౌంటరు దగ్గర అయితే ముక్కమ్మ ఎంత ముద్దుగా చెబుతుంది, ముందు నిమ్మ తగులుతుంది మేడమ్, కాసేపటికి మల్లె విచ్చుకుంటుంది, ఆఖరున చందనం ఒంటిని పట్టుకుని ఉండిపోతుంది అని. ఇక్కడా అంతే. ముందు నిమ్మే తగులుతుంది, తను పొద్దున కొట్టిన సెంటు. కాసేపటికి విరిగిన పాలూ చెమటా విచ్చుకుంటాయి. ఆఖరున పాత మూత్రం, అది పరుపునీ కర్టెన్లనీ ముక్కమ్మ జుట్టునీ పట్టుకుని ఉండిపోతుంది. ఈ సెలవులకి ముందు కొట్టులో ఒకావిడ మణికట్టు మీద అత్తరు రాసి వాసన చూడమంటే, ఆవిడ ముందు మణికట్టు చూసి, ఆ తర్వాత ముక్కమ్మ వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. మర్యాదగానే వేసింది. సెంట్లు అమ్మేదాని దగ్గర కంపు! ఆ ముక్కు పుణ్యాన బతుకుతున్న మనిషికి అంతకంటే చెంపపెట్టు ఏముంటుంది. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా పలకని మనిషి ఆమె. పాలలో మీగడ తేలినా, పక్కవాడి చెప్పులు గుమ్మం దాటి వచ్చినా ముక్కు చిట్లిస్తుందని చిన్నప్పుడే అన్నయ్య ముక్కమ్మ అని పిలిచాడు. పిలుపు స్థిరపడిపోయింది, చిట్లింపూ స్థిరపడిపోయింది.

అమ్మ కిటికీ పక్కన కూర్చుని తన నైటీ అంచుని వేళ్ళతో మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. ఆ నైటీ ఎప్పుడు తొడిగిందో తలుచుకోవడం కూడా ముక్కమ్మకు ఇష్టం లేదు. స్నానాల గది గుమ్మం దాకా తీసుకెళ్ళడం, అమ్మ రెండు చేతులా గుమ్మం పట్టుకోవడం, దొంగలు దొంగలు అని అరవడం, షవర్ చప్పుడు వినగానే కొరకడం, పక్కింటివాళ్ళు గోడ కొట్టడం, ఇదే తంతు. చూసుకోవడానికి పెట్టిన మనిషి చేతి మీద పంటిగాట్లు చూపించి, మీ జీతానికో దణ్ణం, ఈ కంపుకో దణ్ణం అని వెళ్ళిపోయింది. అప్పటినుంచి సెలవు పెట్టి సెలవు పెట్టి ముక్కమ్మే చూస్తోంది. చూస్తోంది అంటే చూస్తోంది, ముట్టుకునేది ఎక్కడ, ముక్కు ఒప్పుకుంటేగా. పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు. “ఒసే ముక్కమ్మా, నీ వల్ల కాదే. తప్పని అనట్లేదు, కాదంతే. సాయంత్రం వస్తా. అమ్మ శుభ్రంగా నీళ్ళు పోసుకుని కూర్చుని ఉందనుకో, ఇక ఆ మాట ఎత్తను, నీ దగ్గరే ఉంచుదాం. ఇలాగే కంపు కొడుతూ ఉందనుకో, రేపు ఆ ముసలాళ్ళ హోమ్‌కి తీసుకుపోతా. వాళ్ళు మంచం ఆపి ఉంచారు. సరేనా?” సరే అంది. సరే అన్నప్పుడు లోపల ఒక గొంతు, తీసుకుపోతే పీడా పోతుంది, నిద్రపోతాను, తల స్నానం చేస్తాను, మనిషిలా వాసన వస్తాను అంది. రెండో గొంతు, ఇద్దరూ వెళ్ళి చూసొచ్చిన ఆ హోమ్ నీళ్ళగది తలుపు కొంచెం తెరిచి చూపించింది. ముక్కమ్మ ఆ తలుపు గబుక్కున మూసేసింది. ఇప్పుడు కాదు. ఎండ కిటికీ చువ్వల మీంచి జారి అమ్మ మోకాళ్ళ దాకా వచ్చింది, గోడ మీదికి పాకేసరికి అన్నయ్య వస్తాడు. ఈలోగా అమ్మ ఒంటి మీద నీళ్ళు పడాలి.

ముందు మంచి చేసుకోండి అంది చప్పట్ల మేడమ్. ఆసుపత్రిలో మతి తప్పినవాళ్ళ ఇంటివాళ్ళకి సలహాలు చెప్పే ఆవిడ, మాటకో చప్పట్ల జత. అమ్మగారితో కలిసి పూసలు గుచ్చండి, చప్. కలిసి రంగులు వెయ్యండి, చప్. బంతి విసరండి, బొమ్మని ఒళ్ళో పెట్టండి, మనసు కుదుటపడితే మీరు చెప్పినట్టు వింటారు, చప్ చప్. అన్నయ్య ఆ సాయంత్రమే పెట్టె కొనేశాడు, కొనేస్తే తన వంతు అయిపోయినట్టు. చప్పట్ల మేడమ్ వంగి అమ్మ బుగ్గ పట్టుకుని, “ఏం బుజ్జీ, అన్నం తిన్నావా? ఎవరీ బంగారు కొండ?” అని గారాలు పోయింది. ముక్కమ్మకు ఆ గొంతు చక్కెర పాకంలో పడిన ఈగలా అనిపించింది. అమ్మ మాత్రం ఆవిడ వైపు తాపీగా చూసి, “జుట్టు ముడేసుకో. పేషెంట్ల మీద పడుతోంది” అంది. ఆ రోజంతా ముక్కమ్మ అది తలుచుకుని నవ్వుకుంది. తర్వాత నవ్వు కూడా పులిసిపోయింది, ఈ గదిలో పాలలాగే.

సరే, పూసలు. ముక్కమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, నోటితో గాలి పీల్చుకుంటూ, ఒక సాసరులో ఎర్రవీ ఒక సాసరులో పచ్చవీ పోసింది. “అమ్మా, ఇదిగో, ఈ దారానికి గుచ్చుదామా?” గొంతులో చక్కెర వద్దనుకుంటూనే కొంచెం పడింది, తన మీద తనకే రోత పుట్టింది. అమ్మ దారం వైపు కన్నెత్తి చూడలేదు. పూసల్ని మాత్రం కళ్ళు చికిలించి చూసింది, ఒక ఎర్ర పూస ఏరింది, పంటి కింద పెట్టి మాత్రని విరిచినట్టు విరగ్గొట్టబోయింది. చెక్క పూస విరుగుతుందా. చొంగతో మెరుస్తున్న ఆ పూసని తీసి ముక్కమ్మ పెదాలకి ఆనించి, “సగం చాల్లే. నోరు తెరువు. నీళ్ళు తాగు” అంది. వెచ్చగా, జిగటగా, అమ్మ నోటి పుల్లవాసనతో ఆ పూస పెదవికి తగిలింది. ముక్కమ్మ లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి పెదాలు ఎర్రబడేదాకా సబ్బుతో తోముకుంది. అద్దంలో మొహం చూస్తే ముక్కు పక్క ఆ రెండు గీతలు, ఇప్పుడు చిట్లించకపోయినా పోవడం లేదు, ఇస్త్రీ పోయిన చొక్కా మీది మడతల్లా. వెనక్కి వచ్చి రంగుల పుస్తకం తెరిచింది. సీతాకోకచిలుక. దానికి రెక్కలు ఉన్నాయన్న సంగతే అమ్మకు పట్టలేదు, ఎర్ర పెన్సిలుతో రెక్కల మీదుగా పైకీ కిందికీ, పైకీ కిందికీ గీసుకుంటూ పోయి, చివర గీత ఇంకా పైకి పోతుంటే కంగారుగా “తగ్గట్లేదు” అంది. ఏం తగ్గట్లేదమ్మా? “తగ్గట్లేదు” అంది మళ్ళీ. సీతాకోకచిలుకకి జ్వరం చార్టు గీసింది మహాతల్లి. బంతి విసిరితే ఒళ్ళో పడి కింద దొర్లి మంచం కిందికి పోయింది, మంచం కింద ఏముందో వంగి చూసే ధైర్యం ముక్కమ్మకు లేదు.

ఇక బొమ్మ. రబ్బరు పసిపాప, కళ్ళు మూస్తుంది తెరుస్తుంది, తల పౌడరు వాసన. చూడగానే ముక్కమ్మకు చెయ్యి రాలేదు. అంత పెద్ద మనిషి ఒళ్ళో ప్లాస్టిక్ పిల్లని పెట్టి, ఎత్తుకో అమ్మా, జోల పాడు అమ్మా అనడమా? చప్పట్ల మేడమ్ మాటలు తలుచుకుని పళ్ళు బిగించి పెట్టింది. అమ్మ చేతులు ఒక్కసారిగా వేరే మనిషి చేతులు అయిపోయాయి. ఇంతసేపూ నైటీ అంచు మడుస్తూ విప్పుతూ ఉన్న వేళ్ళు బొమ్మ రెండు కాళ్ళనీ ఒక్క చేత్తో పట్టి తలకిందులు చేసి, రెండో చేత్తో అరికాళ్ళ మీద టపటపా కొట్టాయి. నోట్లో చిటికెనవేలు పెట్టి ఏదో తీశాయి. మళ్ళీ కొట్టాయి. అమ్మ మొహం చెమట పట్టింది, పెదాలు కదులుతున్నాయి, ఏడు, ఏడు, ఏడవ్వే అంటోంది. బొమ్మ ఎక్కడ ఏడుస్తుంది? ముక్కమ్మ ఆ బొమ్మని లాక్కుని గోడకేసి కొట్టింది. మధుర క్షణాలు! ఇదా, ఇదా అమ్మకి వాళ్ళు అమ్మిన మధుర క్షణం, డ్యూటీలో ఎప్పుడో తన చేతుల్లో ఏడవకుండానే పోయిన ఏ పసిగుడ్డునో మళ్ళీ ఒళ్ళో పెట్టడం? పెట్టె మీద నవ్వుతున్న ముసలావిడని బోర్లా తిప్పింది. అమ్మ ఖాళీ చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ చేతులు చూస్తుంటే స్పిరిట్ వాసన వచ్చింది, ఈ గదిలో లేని వాసన.

స్పిరిట్, ఫినాయిలు, వాటి మీద సబ్బు, ఇంకా సబ్బు. అమ్మ పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ జనరల్ వార్డు నర్సు. అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు, వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా. డ్యూటీ దిగి ఇంటికి రాగానే మోచేతుల దాకా కడుక్కుని, గోళ్ళు చూపించి, ఇటు తిప్పి అటు తిప్పి, “చూడవే నా తల్లీ, ఏమీ లేదు, తిను” అని ముద్ద పెట్టేది. పిల్ల ముక్కమ్మ నోరు బిగించుకునేది. ఆ చేతులు పొద్దున ఎక్కడెక్కడ పెట్టాయో ఊహించుకునేది, పుళ్ళు, చీము, మలం, ముసలివాళ్ళ నోళ్ళు. నాన్న పెడితే తినేది. అమ్మ కోప్పడలేదు ఎప్పుడూ, చెంచా తెచ్చుకునేది. చెంచాతో పెట్టేది. ఒకసారి వేసవి సెలవుల్లో ఇంట్లో ఎవరూ లేక వార్డుకి వెంట తీసుకెళ్ళింది. గుమ్మంలోనే ముక్కమ్మ చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుంటే, అమ్మ ఆ రుమాలు తీసేసి జేబులో పెట్టుకుని వంగి చెవిలో చెప్పింది. “కంపు అనిపిస్తే నోటితో గాలి పీల్చుకో. ఎంతైనా పీల్చుకో, ఎవరూ కాదనరు. మొహం మాత్రం కదలకూడదు. పేషెంటు ఒంట్లో ఏముందో పేషెంటుకి కనపడదు, నీ మొహంలో ఏముందో కనపడుతుంది.” తర్వాత ఒక మంచం తెర లాగి లోపలికి వెళ్ళి, లోపలినుంచి నవ్వుతూ మాట్లాడింది. ఏం మాట్లాడిందో ముక్కమ్మకు గుర్తు లేదు. తెర కిందనుంచి బేసిను కనిపించింది, అందులో నీళ్ళు రంగు మారడం కనిపించింది. అంత కంపులో నవ్వే మనిషి ఎలాంటి మనిషి అని అప్పుడు అసహ్యం వేసింది. ఇప్పుడూ అర్థం కాదు. పని గనక చేసింది, జీతం కోసం చేసింది అనుకుంటే సుఖం. కానీ ఎవరూ చూడని తెర వెనక మొహాన్ని అలా పెట్టుకోమని ఏ జీతం అడిగింది?

పొద్దున మనసులో మూసేసిన ఆ హోమ్ తలుపు ఇక ఆగలేదు, తెరుచుకుంది. మొన్నామధ్య హోమ్ చూద్దామని అన్నయ్య తీసుకెళ్ళాడు, గేటు దగ్గర పూలకుండీలు, లోపల గుండ్రంగా కూర్చున్న ముసలివాళ్ళు, నడుమ ఇంకో చప్పట్ల మేడమ్, అందరి ఒళ్ళల్లో ఇలాంటి బంతులే. మేనేజరు భోజనాల గది చూపించాడు, టీవీ చూపించాడు. ముక్కమ్మ ముక్కే ఊరుకోక వరండా చివరిదాకా లాక్కెళ్ళింది. నీళ్ళగది తలుపు ఓరగా ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ, ఒంటి మీద నూలుపోగు లేదు, చేతులతో ఎక్కడ కప్పుకోవాలో తెలియక పైకీ కిందికీ జరుపుతోంది. ఎదురుగా ఒకామె, ముక్కుకి అడ్డంగా గుడ్డ కట్టుకుని, మొక్కలకి పట్టినట్టు పైపుతో నీళ్ళు పడుతోంది. ఆ గుడ్డ మీద కళ్ళు రెండూ చిట్లించి ఉన్నాయి. కారులో అన్నయ్య, ఎంత శుభ్రంగా ఉందో చూశావా, ఒక్క వాసన లేదు అన్నాడు. నిజమే, లేదు. ఆ పైపు పట్టుకున్నామె కళ్ళు తన కళ్ళేనని ముక్కమ్మ అప్పుడు చెప్పలేదు, ఎవరికి చెబుతుంది, ఎలా చెబుతుంది.

ఎండ అమ్మ ఒడి దాటి గోడ మొదట్లోకి వచ్చేసింది. ఛీ, ఎవరి బతుకు ఇది. ముక్కమ్మకు ఆ పెట్టె మీద, అన్నయ్య మీద, పంటిగాట్లు చూపించి పోయినామె మీద, అమ్మ మీద, ముట్టుకోలేని తన చేతుల మీద ఒకేసారి రోత పుట్టింది. ఏం చేయాలో తోచక ఆరిన తువ్వాళ్ళూ దుప్పట్లూ తాడు మీంచి లాగి తెచ్చి మంచం మీద కుప్ప పోసింది. తను మడత పెట్టుకుందామనే తెచ్చింది, ఆటకని కాదు. అమ్మ లేచింది. ఎవరూ లేవమనకుండా, మోకాళ్ళు పట్టుకోకుండా లేచి వచ్చి, కుప్పలోంచి దుప్పటి లాగి, ఒక కొస ముక్కమ్మ చేతిలో పెట్టి, “పట్టుకో” అంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దులిపారు. అమ్మ తన వైపు మూలని పరుపు కిందికి ఏటవాలుగా దోపి, అరచేత్తో ఒక్కసారి నిమిరింది. ఉత్తరం కవరు మూతలా మడత చక్కగా కుదిరింది. ముక్కమ్మ వైపు మూల చూసి, పెదవి విరిచి, చుట్టూ తిరిగి వచ్చి విప్పి మళ్ళీ దోపింది. తువ్వాళ్ళు మూడు మడతలు, అంచులన్నీ ఒకే వైపు. ఆ పెట్టెలో ఉన్న బొమ్మలన్నీ కలిసినా అమ్మని ఇంతసేపు నిలబెట్టలేకపోయాయి. అంతా అయ్యాక అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని గది అంతా చూసి, “బెల్లు కొట్టారుగా. నేను దిగాలి. తర్వాతి డ్యూటీ నువ్వేనా?” అంది.

ఇలాంటప్పుడు ముక్కమ్మ ఎప్పుడూ సరిచేస్తుంది. అమ్మా, ఇది ఇల్లు, నువ్వు రిటైరయ్యావు, నేను నీ కూతుర్ని. అది విన్న ప్రతిసారీ అమ్మ మొహంలో ఎవరో లైటు తీసేసినట్టు అవుతుంది, తర్వాత అరుపులు. ఇప్పుడు సరిచేసే ఓపిక లేదు. విసుగుతోనే గుమ్మం దాకా వెళ్ళిపోయి, పోనీలే అన్నట్టే, “అవును సిస్టర్, నేనే” అంది.

“మరి అలా గుమ్మంలో నిలబడతావేం, రా, పేషెంట్లని అప్పగిస్తాను” అని అమ్మ ముందు నడిచింది. ముక్కమ్మ వెనక నడిచింది. హాల్లో సోఫా దగ్గర ఆగి, మెత్త మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, ఈవిడకి షుగరు, ఎంత అడిగినా బిస్కెట్టు ఇవ్వకు, ఏడుస్తుంది, కథ చెప్పు, ఊరుకుంటుంది అంది. వంటగదిలో ఫ్రిజ్ ముందు నిలబడి చెవి ఒగ్గి, తల అడ్డంగా ఊపి, “పాపం, ఒకటే మూలుగు. డాక్టరుకి చెప్పాను. నువ్వూ చెప్పు, వాళ్ళకి రెండు నోళ్ళతో చెబితేగానీ వినపడదు” అంది. ముక్కమ్మకు నవ్వు వచ్చింది, ఆ నవ్వు గొంతులోనే ఆగింది, అమ్మ మొహంలో వెటకారం లేదు మరి. బట్టలుతికే యంత్రానికి వాంతులు తగ్గాయట. బూట్ల స్టాండుకి భయమట, పేరు పెట్టి పిలిస్తే చాలట. ప్రతి ఒక్కరి దగ్గరా అమ్మ వంగుతోంది, దుప్పటి లేకపోయినా సర్దుతోంది, నోరు కొద్దిగా తెరిచి గాలి పీలుస్తోంది. మొహం మాత్రం కదలడం లేదు. ఎన్నో ఏళ్ళ కిందటి ఆ వార్డు తెరని ఇప్పుడు ఎవరో పక్కకి లాగినట్టు ముక్కమ్మ ఆ మొహాన్ని చూస్తూ వెంట నడిచింది.

చివరికి మళ్ళీ ఈ గది. అమ్మ తన సొంత మంచం దగ్గరికి వచ్చింది. వంగి దిండు వాసన చూసింది.

“ఈవిడని జాగ్రత్తగా చూడు” అంది అమ్మ. “ఒళ్ళు ముట్టుకోనివ్వదు. మొండిది అంటారు అందరూ. మొండి కాదు, సిగ్గు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు బట్టలు విప్పుతుంటే నువ్వు ఊరుకుంటావా?”

“ఊరుకోను సిస్టర్.”

“నీళ్ళగదికి ఈడ్చకు. పై నుంచి నీళ్ళు పొయ్యకు, ఊపిరాడదనుకుంటుంది. బేసిను ఇక్కడికే తెచ్చుకో. మోచెయ్యి ముంచి చూడు, వేడి ఎక్కువ కాకూడదు. అడిగి ముట్టుకో. కడిగే చోటు తప్ప మిగతా అంతా కప్పి ఉంచు. ముందు ఆవిడ చేతికే ఒక గుడ్డ ఇవ్వు, పని ఉంటే భయపడదు.” అన్నీ ఒక్క గుక్కలో చెప్పి, కాసేపు తడుముకుని, “కూతురుంది. వస్తుంది పాపం. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడుతుంది” అంది. తిట్టినట్టు అనలేదు, మందు పేరు చెప్పినట్టు చెప్పింది. చెప్పాల్సింది అయిపోయింది కాబట్టి మంచం అంచు మీద కూర్చుంది. కూర్చోగానే భుజాలు జారిపోయాయి, వేళ్ళు నైటీ అంచుని మడవడం మొదలుపెట్టాయి. సిస్టరమ్మ డ్యూటీ దిగిపోయింది. అక్కడ కంపు కొడుతూ, భయపడుతూ, ఎవరో తెలియని ఒక ముసలావిడ మిగిలింది.

ముక్కమ్మ బేసిను తెచ్చింది. మోచెయ్యి ముంచి చూసింది, ఎక్కువైంది, చన్నీళ్ళు కలిపింది. గుమ్మం దాటి మంచం దగ్గర నేల మీద కూర్చుంది, ఇన్నాళ్ళలో మొదటిసారి. అమ్మని ఎప్పుడూ అనని మాట నోటికి వచ్చింది. “ఏమండీ, మీ చెయ్యి కడగనా?” మీరు అంటే అమ్మ తలెత్తింది. తడి గుడ్డ ఇస్తే తీసుకుంది, ఎందుకో తెలియక పట్టుకుంది. చెయ్యి చాపింది. అరవలేదు. ముక్కమ్మ వేళ్ళ సందులు కడిగింది, మణికట్టు, మోచేయి. కడుగుతున్నంతసేపూ రోతగానే ఉంది, ఎవరు చెప్పారు ప్రేమ ఉంటే కంపు ఉండదని, వాళ్ళ మొహం. గోళ్ళ కింద నల్లటిది ఏమిటో ఆలోచించకూడదు. తువ్వాలు కప్పి, నైటీ బొత్తాలు ఒక్కొక్కటీ అడిగి విప్పింది. చంక దగ్గర పులిసిన వాసన గుప్పుమంది. రొమ్ముల కింద ఒరిసిపోయి ఎర్రగా చెమ్మగా ఉంది, అక్కడ చర్మం చర్మానికి అంటుకుపోయి ఉంది. ఇంతకాలం అరిచింది సిగ్గుతో మాత్రమే కాదు, మంటతో కూడా. ఎవరూ చూడలేదు, చూడాలంటే దగ్గరికి రావాలిగా. బేసినులో నీళ్ళు రంగు మారాయి. పారబోసి మళ్ళీ తెచ్చింది.

నడుం దాకా అయ్యేసరికి ఎండ గోడ మీదికి పాకింది, కాలింగ్ బెల్ మోగింది. అమ్మ ఒళ్ళంతా బిగుసుకుపోయింది, కప్పిన తువ్వాలు రెండు చేతులా గుండెలకి లాక్కుంది, పెదవులు దొంగలు అనడానికి సిద్ధమయ్యాయి. బయట అన్నయ్య గొంతు, “ఒసే, తలుపు తియ్యి, ఏంటింతసేపు?” అప్పుడే ముక్కమ్మ గుడ్డ తొడల సందుకి వెళ్ళింది. అక్కడి వాసన ఇంతవరకూ వచ్చిన వాసనలన్నిటికీ పెద్దమ్మ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముక్కు దానంతట అదే ముడుచుకుంది, ఆపినా ఆగలేదు, పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు ఒక్క పూటలో పోతుందా.

అమ్మ చూసింది. చేతిలో ఇందాక ఇచ్చిన తడి గుడ్డ ఇంకా ఉంది. దాన్ని మడత పెట్టి, శుభ్రంగా ఉన్న వైపు పైకి తిప్పి, వంగి ముక్కమ్మ ముక్కు పక్కన ఉన్న గీతల మీద మెల్లగా అద్దింది. ఒకవైపు, తర్వాత రెండోవైపు. దుప్పటి మూల నిమిరినట్టు బొటనవేలితో నిమిరి చదును చేసింది.

“మొహం అలా పెట్టకమ్మా” అంది. “పేషెంటు చూస్తోంది.”

బెల్ మళ్ళీ మోగింది. ముక్కమ్మ నోరు తెరిచి గాలి పీల్చుకుంది. “ఆగు అన్నయ్యా, ఇంకా పని అవలేదు” అని అక్కడినుంచే కేక వేసింది. అమ్మ వైపు తిరిగి, “ఏమండీ, ఇక కాళ్ళు కడగనా?” అని అడిగింది.